బియాట్రిస్ మాట ఆగే చోట్లు

షేక్‌స్పియర్ కామెడీల్లో మాటకారి ఆడవాళ్లకి లోటు లేదు. రోజలిండ్ మగవేషం వేసుకుని అడవికి వెళ్తుంది, పోర్షియా వకీలు గౌను తొడుక్కుని కోర్టుకెక్కుతుంది. ‘మచ్ అడూ అబౌట్ నథింగ్’లో బియాట్రిస్‌కి అలాంటి చాటు ఏమీ లేదు. మెసీనా గవర్నరు లియొనాటో ఇంట్లో దగ్గర బంధువుగా ఉంటుంది. ఆడపిల్లగానే, నలుగురి ముందే, పెళ్లి మీదా మగవాళ్ల మీదా ఏమనాలనుకుంటే అది అనేస్తుంది.

ఆ పాత్ర నేను పోయిన వేసవిలో వేశాను. ఇంగ్లండులో, బర్మింగ్‌హామ్‌కి కాస్త దూరంగా మేముండే చిన్న ఊరి అమెచ్యూర్ నాటక సంఘంతో. అందులో ఎవరికీ డబ్బులివ్వరు, సభ్యత్వం రుసుము మనమే ఎదురు కట్టాలి. పగలంతా ఎవరి ఉద్యోగాలు వాళ్లవి. బియాట్రిస్‌తో ఎప్పుడూ మాటల యుద్ధం చేసే సైనికుడు బెనెడిక్ వేసినతను ఎలక్ట్రీషియను, అతని రాకుమారుడు డాన్ పెడ్రో వేసినాయన పళ్ల డాక్టరు, నేను సాఫ్ట్‌వేర్ టెస్టరుని.

ఆడిషన్‌కి ఎవరైనా రావచ్చు. రెండు సీన్లు ముందే ఈమెయిల్లో పంపారు. ఒకటి మొదటి అంకంలో బియాట్రిస్, బెనెడిక్‌ల తొలి గిల్లికజ్జా. రెండోది నాలుగో అంకంలో చర్చి సీను. చర్చి పక్కనున్న హాల్లో కుర్చీలు గుండ్రంగా వేసి, జంటలు మారుస్తూ అందరి చేతా చదివించారు. నా టెన్షన్ అంతా యాస గురించే. పదో తరగతి దాకా గోదావరి జిల్లాలో తెలుగు మీడియంలో చదివినదాన్ని. డైరెక్టరు రిటైరైన స్కూలు టీచరు. ఆవిడ ముందే తేల్చేసింది: “మెసీనా ఉన్నది సిసిలీలో, ఇంగ్లండులో కాదు. ఎవరి యాస వాళ్లకి ఉండనివ్వండి.” నన్నెందుకు తీసుకున్నారని తర్వాతెప్పుడో అడిగితే, మిగతావాళ్లు తమ లైను ఎప్పుడొస్తుందా అని కాగితం చూస్తుంటే నువ్వొక్కదానివే ఎదుటివాడి మొహం చూశావు, అంది. నిజానికి యాస భయంతో ఎదుటివాడి నోరు కదలడం చూస్తూ కూర్చున్నాను. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు.

మొదటి వారాలు కూర్చుని చదవడమే. నాటకం మొత్తం వేస్తే రెండున్నర గంటలు పైనే పడుతుంది, ఆరుబయట జనం అంతసేపు కూర్చోరు. అందుకని ఆవిడ పెన్సిలు పట్టుకుని కోతలు పెట్టుకుంటూ వచ్చింది. పోయినవాటిలో ఎక్కువ శ్లేషలే. నాలుగు వందల ఏళ్ల కిందటి శ్లేష ఫుట్‌నోట్ చదివితే తప్ప నవ్వు రాదంటే దాన్ని మోయడం దండగే. ఒక్కచోట మాత్రం నేను గట్టిగా అడ్డుపడ్డాను. పెళ్లి కాకుండా చనిపోయిన ఆడవాళ్లు నరకానికి కోతుల్ని తోలుకెళ్లాలని అప్పట్లో ఒక సామెత. బియాట్రిస్ దాన్ని పట్టుకుని ఒక చిన్న కథ అల్లేస్తుంది. సరే, కోతుల్ని తోలుకుని నరకం గేటు దాకా వెళ్తానంటుంది. అక్కడ సైతాను ఎదురొచ్చి, నీలాంటి కన్యలకి ఇక్కడ చోటు లేదు, స్వర్గానికి పో అంటాడట. తను కోతుల్ని వాడికే అప్పగించి, పైకెళ్లి, పెళ్లికాని వాళ్లెక్కడ కూర్చుంటారో అడిగి, వాళ్లతో కలిసి పొద్దుగూకులూ సరదాగా గడిపేస్తుందట. పెళ్లి పెళ్లి అని పోరు పెట్టే పెద్దవాళ్లకి ఇంతకంటే మంచి జవాబు నేనైతే వినలేదు. మా ఇంట్లో పాతికేళ్లు దాటాక నాకు ఆ జవాబు తెలిసి ఉంటే బాగుండేది. ఆ ముక్క ఉంచారు.

దాని తర్వాత హీరోకి ఇచ్చే సలహా కూడా ఉంచారు. (హీరో అంటే ఇక్కడ లియొనాటో కూతురు. మన సినిమా హీరో కాదు.) వంగి దణ్ణం పెట్టి “మీ ఇష్టం నాన్నా” అనడం నీ ధర్మం, కాకపోతే పిల్లాడు చూడ్డానికి బాగుండాలి, బాగాలేకపోతే మళ్లీ వంగి దణ్ణం పెట్టి “నా ఇష్టం నాన్నా” అను, అంటుంది. బియాట్రిస్ తల్లిదండ్రులు నాటకంలో ఎక్కడా కనబడరు. ఆమెని ఫలానావాణ్ణి చేసుకో అని ఆజ్ఞాపించే తండ్రి లేడు కాబట్టే ఆ నోటికి అంత స్వేచ్ఛ అని నాకనిపిస్తుంది. హీరోకి తండ్రి ఉన్నాడు, ఆస్తి ఉంది. కాబట్టి హీరో నోరెత్తదు. లియొనాటో భార్య సంగతి ఇంకా విచిత్రం. 1600లో అచ్చయిన మొదటి ప్రతిలో, రంగ సూచనల్లో ఇన్నొజెన్ అని ఆవిడ పేరుంది, డైలాగు మాత్రం ఒక్కటీ లేదు. తర్వాతి సంపాదకులు ఆ పేరు కూడా తీసేశారు.

ఇక డైలాగులు బట్టీ పట్టడం. బియాట్రిస్ మాట్లాడేది దాదాపు అంతా వచనం. పద్యమైతే లయ తోడుంటుంది, ఒక మాట పోయినా తర్వాతి మాట తనంతట తనే నాలుక మీదికి వస్తుంది. వచనానికి ఆ సాయం లేదు. ఎదుటివాళ్ల డైలాగులు ఫోనులో రికార్డు చేసుకుని, నావి వచ్చేచోట ఖాళీ వదిలి, ఆఫీసుకెళ్లే రైల్లో వింటూ పెదాలు కదిపేదాన్ని. అలా వింటుంటే ఆ డైలాగుల కట్టుబడి అర్థమైంది. ఆమె ఏ జోకూ ముందుగా సిద్ధం చేసుకుని రాదు. ప్రతిసారీ ఎదుటివాడి నోట్లోంచి ఒక మాట లాక్కుని, దాన్నే తిప్పి వాడి మీదికి విసురుతుంది. బెనెడిక్ సకల సద్గుణాలతో నిండిన మనిషని వార్తాహరుడు పొగిడితే, నిండినవాడే, కూరి పెట్టిన బొమ్మలాగా, అంటుంది. వాడు ‘నిండిన’ అనకపోతే ఆ జోకు లేదు. చెడుగుడులో కూతకెళ్లినట్టు ఒక్క ఊపిరిలో అవతలివాణ్ణి తాకి గీత దాటి వచ్చేయాలి, మధ్యలో ఊపిరి తీసుకుంటే దొరికిపోయినట్టే. రిహార్సల్లో మా డైరెక్టరు పదే పదే అన్న మాట ఒకటే: “జోకు చెప్పకు. జవాబు చెప్పు.”

స్క్రిప్టు చేతిలో లేకుండా నిలబడే రోజు వచ్చాక అసలు పని మొదలైంది. మాటల వేగం కొన్నాళ్లకి వచ్చేసింది. నాకు కొరుకుడు పడనివి ఆ వేగం ఆగిపోయే చోట్లు.

మొట్టమొదటి లైనే అలాంటిది. యుద్ధం నుంచి కబురొచ్చింది, అందరూ ఎవరు గెలిచారు, ఎంతమంది పోయారని మాట్లాడుకుంటున్నారు. బియాట్రిస్ మధ్యలో దూరి, ఫలానా కత్తిపోట్ల దొరగారు తిరిగొచ్చారా లేదా అని ఒక ఎకసెక్కపు పేరు పెట్టి అడుగుతుంది. వార్తాహరుడికి అర్థం కాదు. ఆవిడ అడిగేది బెనెడిక్ గురించి అని హీరో విడమరచి చెప్పాలి. వెంటనే, ఎంతమందిని చంపి తిన్నాడేమిటి, అతను చంపినవాళ్లందర్నీ తింటానని నేను మాటిచ్చాను కదా, అని ఎగతాళి అందుకుంటుంది. కానీ అందరికంటే ముందు “వచ్చాడా” అని అడిగింది తనే. నేను మొదట్లో ఆ లైను నవ్వుతూ, గొంతు పెంచి అనేదాన్ని. డైరెక్టరు నా చేతికి తడి బట్టలున్న బుట్ట ఇచ్చి, బట్టలు ఆరేస్తూ అడగమంది, వార్తాహరుడి వైపు చూడకుండా. అంతే, లైను దాని చోట అది కుదురుకుంది. అతను బతికున్నాడని తెలిసేదాకా నా చేతిలో తువ్వాలు తీగ మీదికి వెళ్లదు. తెలిశాక క్లిప్పు పెడతాను. చూసేవాళ్లలో పది మందిలో ఒక్కరు గమనించారేమో, అయినా నాకు అది కావాలి.

రెండో అంకంలో, నువ్వు బెనెడిక్ మనసు పోగొట్టుకున్నావమ్మా అని డాన్ పెడ్రో సరదాగా అంటాడు. అవునండీ, కొన్నాళ్లు నాకు అప్పిచ్చాడు, నేను వడ్డీతో సహా ఇచ్చాను, అంతకుముందోసారి దొంగ పాచికలేసి నా దగ్గర గెలుచుకున్నాడు, అని ఈమె జవాబు. వీళ్లిద్దరి మధ్యా ఇదివరకు ఏం జరిగిందో నాటకం ఇంతకు మించి చెప్పదు. కాసేపటికి అదే డాన్ పెడ్రో, నన్ను చేసుకుంటావా అంటాడు. హాస్యమా, నిజమా? మేం రెండు రకాలూ చేసి చూశాం. మా పళ్ల డాక్టరు నిజంగానే అడిగినట్టు అన్నరోజు హాల్లో ఎవరూ కదల్లేదు. మీరు రోజూ కట్టుకోడానికి మరీ ఖరీదైనవారు, పనిరోజులకి ఇంకొకరు కావాలి, అని బియాట్రిస్ తప్పించుకుంటుంది. అతను నొచ్చుకున్నాడని గ్రహించి క్షమించమంటుంది. నువ్వు మంచి హుషారైన గడియలో పుట్టి ఉంటావు అని అతనంటే, లేదండీ, మా అమ్మ ఏడ్చింది, అప్పుడే ఒక నక్షత్రం నాట్యం చేసింది, దాని కింద పుట్టాను, అంటుంది. నాట్యం చేసిన నక్షత్రం అందరికీ గుర్తుంటుంది. నేను రోజూ కష్టపడింది దానికి ముందున్న మూడు మాటల కోసం, మా అమ్మ ఏడ్చింది అనే ముక్క కోసం. అది బరువుగా అంటే ఏడుపుగొట్టుగా ఉంటుంది, తేలిగ్గా అంటే వినబడకుండానే పోతుంది.

బియాట్రిస్, బెనెడిక్‌లని ప్రేమలో పడెయ్యాలని, ఒకరంటే ఒకరికి ప్రాణమని స్నేహితులు కావాలనే వాళ్ల చెవిన పడేలా మాట్లాడుకుంటారు. చాటునుండి వినే ఆ సీన్లు అందరూ ఎదురుచూసేవే. బెనెడిక్‌ది పెద్ద సీను, కడుపుబ్బ నవ్విస్తుంది. మావాడు నిచ్చెనెక్కి, పొదలో పడి, జనాన్ని ఒక ఆట ఆడించాడు. ఆ వెంటనే నాది. నేనూ పడాలి, దొర్లాలి అనుకున్నాను. డైరెక్టరు వద్దంది. అతని సీన్లో స్నేహితులు ఎక్కువగా చెప్పేది ఆమె అతని కోసం కుమిలిపోతోందని. నా సీన్లో హీరో, ఆమె పరిచారిక ఉర్సులా చెప్పేది నేను ఎంత పొగరుబోతునో, ఎవరిలోనైనా వంక తప్ప మంచి ఎలా చూడనో, నా నోటికి భయపడి, బెనెడిక్‌కి నా మీద ప్రేమన్న సంగతి నాతో చెప్పే ధైర్యం కూడా తమకి ఎలా లేదో. ఇంతసేపూ నోరెత్తని హీరో ఇవన్నీ అంటోంది! పొదకి ఇవతల ఒంగి కూర్చుని అది వింటుంటే, నటించడానికి నాకు ఏమీ మిగల్లేదు. మొహం వేడెక్కేది. వాళ్లు వెళ్లిపోయాక బియాట్రిస్‌కి పది లైన్లు, అదీ పద్యంలో. అంతదాకా వచనం తప్ప మాట్లాడనిది, జోకులన్నీ పోయి, పొగరుకి సెలవు అంటుంది. ఆ పది లైన్లూ బట్టీ పట్టడానికి ఒక్క సాయంత్రం పట్టలేదు.

తర్వాతి పొద్దున ఆమెకి జలుబు. పనిమనిషి మార్గరెట్ ఆమెని ఆటపట్టిస్తుంటే తిప్పికొట్టలేక నిలబడుతుంది. చిన్న సీనే, మేం ఇంకా చిన్నది చేశాం.

ఇక చర్చి సీను. పెళ్లికొడుకు క్లాడియో, బెనెడిక్ స్నేహితుడు, పెళ్లిపీటల దగ్గర హీరో శీలం మీద అబద్ధపు నింద వేసి వదిలేసి వెళ్లిపోయాడు. అందరూ వెళ్లాక మిగిలింది ఏడుస్తున్న బియాట్రిస్, ఏం చేయాలో తెలియని బెనెడిక్. ఇద్దరూ మొదటిసారి ప్రేమ ఒప్పుకునేది అక్కడే. నీకోసం ఏదైనా చేస్తాను, ఏం చెయ్యమంటావో చెప్పు, అంటాడు. క్లాడియోని చంపు, అంటుంది. ఇంగ్లిషులో అది రెండే మాటలు.

ఆ రెండు మాటలకి జనం నవ్వుతారని ముందే చెప్పారు. నవ్వడం తప్పు కూడా కాదు, అంత తియ్యటి మాటల మీద హఠాత్తుగా పడుతుంది కాబట్టి. నవ్వు రాకుండా ఎలా అనాలని నేను ఎన్ని రకాలుగానో ప్రయత్నించాను, గుసగుసగా, పళ్లబిగువున, కేకగా. చివరికి డైరెక్టరు, “నవ్వితే నవ్వనీ. నవ్వు అయిపోయాక కూడా నువ్వు అక్కడే ఉండు, అదే మొహంతో,” అంది. కొన్ని రాత్రులు నవ్వారు, కొన్ని రాత్రులు లేదు. నవ్విన రాత్రులే బాగా పండింది. తమ నవ్వు తమకే తప్పుగా తోచి ఆపుకోవడం నాకు తెలిసేది.

ఆ తర్వాత కోపం. నేనే మగవాణ్ణయి ఉంటే వాడి గుండెకాయ సంతబజారులో కూర్చుని తినేదాన్ని, అంటుంది. బెనెడిక్ “బియాట్రిస్, విను...” అంటూ నోరు తెరుస్తాడు, మూయిస్తుంది. మళ్లీ తెరుస్తాడు, మళ్లీ మూయిస్తుంది. రాతలో అవి అతని సగం సగం లైన్లుగా కనబడతాయి. మా ఎలక్ట్రీషియన్‌ని మొత్తం లైను అనడానికి నిజంగానే ప్రయత్నించమన్నారు, నన్ను నిజంగానే అననివ్వొద్దన్నారు. ఒక రిహార్సల్లో ఇద్దరం అరుచుకుంటుంటే హాలు చూసుకునే పెద్దాయన కంగారుగా తలుపు తీసి చూశాడు. తీరా చివరికి ఆమె అనేది ఏమిటి? కోరుకుంటే మగవాణ్ణి కాలేను, కాబట్టి ఏడుస్తూ ఆడదానిగానే చస్తాను. ఈ మాటలు మొదట పలికింది ఆడది కాదు కూడా. 1598, 99 ప్రాంతంలో ఈ నాటకం రాసినప్పుడు ఇంగ్లండు రంగస్థలం మీద ఆడవాళ్లు లేరు, ఆడవేషాలన్నీ కుర్రాళ్లవే. నేను మగవాణ్ణి అయ్యుంటేనా అని గౌను వేసుకున్న కుర్రాడు అరుస్తుంటే ఆనాటి జనం ఎలా విన్నారో!

1882లో లండన్ లైసియం థియేటర్లో ఎలెన్ టెర్రీ బియాట్రిస్ వేసినప్పుడు, ఈ సీను చివర అప్పట్లో అలవాటుగా చేర్చే కొసరు డైలాగులు ఉండాల్సిందేనని ఆ థియేటరు నడిపే నటుడు హెన్రీ ఇర్వింగ్ పట్టుబట్టాడు. ఆవిడకి అవి బొత్తిగా నచ్చలేదు, అయినా అనాల్సి వచ్చింది. మా డైరెక్టరు ఈ కథ చెప్పి, ఇక్కడ ఎవరైనా ఒక్క మాట సొంతంగా కలిపారంటే ఊరుకోను, అంది.

నాటకం ఒక పాత బంగళా తోటలో వేశాం. జూలైలో అక్కడ రాత్రి తొమ్మిది దాటినా వెలుతురే. మొదటి సగానికి లైట్లే అక్కర్లేదు. జనం మడత కుర్చీలు, దుప్పట్లు, తిండి బుట్టలు తెచ్చుకుని గడ్డి మీద సర్దుకుంటారు. మన పద్యనాటకాలకి మా ఊళ్లో చాపలు పరుచుకున్నట్టే, ఇక్కడ చలి ఒకటి అదనం. సన్నజల్లుకి ఆపేది లేదని నియమం. ఒకరోజు చాటున వినే సీనుకి ముందే వాన పడి పొదంతా తడిసింది. పది లైన్లు చెప్పడానికి లేచేసరికి గౌను ముందంతా ఆకులు, బురద. పొగరుకి సెలవు అంటుంటే ముందు వరసలో ఒకాయన నాకు టిష్యూ అందించాడు. తీసుకున్నాను. అది ఆ సీనుకి సరిపోయింది.

ఆఖరి సీను గురించి మాత్రం చివరి వారం దాకా వాదులాటే. ఇద్దరూ ఒకరి మీద ఒకరు దొంగచాటుగా రాసుకున్న పద్యాలు బయటపడతాయి. ఇక తప్పించుకోలేక, నువ్వు క్షయతో పోతున్నావని విన్నాను, నీ ప్రాణం కాపాడ్డానికే ఒప్పుకుంటున్నాను, అంటుంది బియాట్రిస్. ఆ వెంటనే, చాల్లే, నీ నోరు మూయిస్తాను, అని ఒక లైను. ముద్దు పెట్టుకోవడం. అక్కణ్ణుంచి నాటకం అయ్యేదాకా బియాట్రిస్‌కి ఒక్క మాట లేదు.

ఆ లైను బెనెడిక్‌దని చాలామంది అనుకుంటారు. 1600 ప్రతిలోనూ, 1623లో షేక్‌స్పియర్ నాటకాలన్నీ కలిపి అచ్చువేసిన ఫోలియో సంపుటంలోనూ అది లియొనాటో పేరు మీద ఉంది. బెనెడిక్‌కి ఇచ్చింది 18వ శతాబ్దపు సంపాదకుడు థియోబాల్డ్. మేం పాత ప్రతులనే పట్టుకున్నాం. అయినా ముద్దు సంగతి తేలలేదు. నాకు మధురవాణి గుర్తొచ్చింది. ‘కన్యాశుల్కం’ చివర్లోనూ ఒక ముద్దు బేరం ఉంది. సౌజన్యారావు పంతులు ఒప్పుకున్నాక, చెడనివాళ్లని చెడగొట్టొద్దని మా అమ్మ చెప్పిందంటూ ఆ ముద్దు వదిలేసేది మధురవాణే. టీ విరామంలో ఈ కథంతా చెప్తే మావాళ్లు బిస్కెట్లు పక్కన పెట్టి విన్నారు. ఆ రోజే కొత్తగా ప్రయత్నించాం. లియొనాటో ఆ లైను అంటూ మా ఇద్దర్నీ ఎదురెదురుగా తిప్పి నిలబెడతాడు. బెనెడిక్ ముందుకు రాబోతాడు. నేను అరచెయ్యి అడ్డం పెట్టి ఆపి, ఆగి, అతని కాలరు పట్టుకుని నేనే దగ్గరికి లాక్కుంటాను. నోరు మూతపడింది అతనిది.

తర్వాతి మౌనానికి మాత్రం అంత తేలికైన ఉపాయం దొరకలేదు. బెనెడిక్ డాన్ పెడ్రోకి పెళ్లి చేసుకోమని సలహా ఇస్తాడు, హీరో మీద నింద వెనక కుట్ర పన్నిన డాన్ జాన్ పట్టుబడ్డాడని కబురొస్తుంది, వాడి సంగతి రేపు చూద్దాం, వాయించండి, అంటాడు. అన్నీ అతనే. నేను ఆ కాసేపు హీరో దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. చర్చిలో ఆమె పడిపోయినప్పుడు పట్టుకున్నది నేనే కాబట్టి, నా చోటు అదే అనిపించింది. వాయిద్యాలు మొదలయ్యాక నేను ముందు నాట్యానికి లేపింది ఆమెనే. డైరెక్టరుకి నచ్చింది. నాకు మాత్రం ఇప్పటికీ షేక్‌స్పియర్ ఆమెకి ఒక్క లైను బాకీ ఉన్నాడనే ఉంది.

మా ఆఫీసు స్నేహితురాలు ఆ సీను ఫోనులో తీస్తే అమ్మకి పంపాను. ఇంగ్లిషు అంతగా రాకపోయినా మొత్తం చూసి ఫోన్ చేసింది.

“బాగానే చేశావు గానీ, చివర్లో ఆ అబ్బాయి అంతసేపు మాట్లాడుతుంటే నువ్వలా నిలబడిపోయావేమిటే? డైలాగు మర్చిపోయావా?”

“లేదమ్మా, అక్కడ నాకు డైలాగు లేదు.”

“అంతసేపు వాగినదానికి చివర్లో డైలాగు లేకపోవడమేమిటి? రాసినాయన మర్చిపోయుంటాడు.”

“ఏమో మరి.”

“నువ్వే ఏదో ఒకటి అనేయాల్సింది,” అంది అమ్మ.